ధనమ్మ పడవకు బీమా

ధనమ్మను నమ్మించడం తేలిక కాదు. మొప్ప ఎత్తి చూడకుండా ఒక్క చేపనైనా బుట్టలో వేసుకునేది కాదు. అలాంటి మనిషిని సుబ్బారావు నమ్మించాడంటే వాడి నోరు ఎలాంటిదో చూడండి. వాడు వీడు అంటున్నానని ఏమీ అనుకోవద్దు. తెనాలిలో మా వీధివాడే, నాకంటే చిన్నవాడే. అంతకంటే మర్యాద ఇవ్వడం నా వల్ల కాదు.

ధనమ్మది రేపల్లె అవతల, సముద్రం ఒడ్డున ఒక పల్లెపాలెం. డెబ్భై ఏడు ఉప్పెనలో భర్త పోయాడు. పడవ మిగిలింది. తుఫాను కబురు రాగానే వాళ్ళు పడవను కాలవలోకి లాగి, నీళ్ళు నింపి, ఇసుక బస్తాలు వేసి ముంచేస్తారు. మునిగిన పడవను గాలి ఏమీ చేయలేదు. తుఫాను పోయాక నీళ్ళు తోడి పైకి లేపుకుంటారు. తాతల నాటి పద్ధతి అది. ఆ పడవ మీద మరిది నరసింహం వేటకు వెళ్ళేవాడు. అతను తెచ్చిన చేపలతో ఆమె రేపల్లె వచ్చి, రైలెక్కి, మా వీధికి వచ్చేది. మిషను బడిలో పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి నన్ను టీచరమ్మా అనేది.

ఎనభైల్లో ఒకసారి మా అరుగు మీద బుట్ట దించి, పడవ అమ్మేస్తున్నానంది. "ఇంకో ఉప్పెనొస్తే మా మరిది కూడా పోతాడు టీచరమ్మా. రేపల్లెలో ఎండుచేపల కొట్టు పెట్టుకుంటాం." బేరం కూడా కుదిరిందట.

చేపల కోసం వచ్చిన సుబ్బారావు ఆ మాట విన్నాడు. వాడు బీమా ఏజెంటు. "బంగారం లాంటి పడవ అమ్ముకుంటావేంటక్కా? అంత ఉప్పెన మన జన్మలో మళ్ళీ రాదు. వచ్చినా బీమా ఉంటది, కొత్త పడవొస్తది" అన్నాడు. నాలుగు రోజులు అదే పాట. ఆమె బేరం వదులుకుని, వాడి దగ్గర పడవకు బీమా కట్టింది.

ఆ తర్వాత వాడు పాలెం వెళితే పండుగప్ప పులుసు వండి పెట్టింది. వాడు అక్కడ ఉండగానే తుఫాను హెచ్చరిక వచ్చింది. పడవలు ముంచుతుంటే గట్టు మీద నిలబడి చూసి, "మంచి పని చేస్తన్నారు, మా ఆఫీసుక్కూడా నష్టం తప్పుద్ది" అని మెచ్చుకుని మరీ వచ్చాడు. ధనమ్మకు తమ్ముడంటే మనకూ తమ్ముడే అని పాలెమంతా బీమా కట్టింది.

ఎనభై తొమ్మిదిలో అనుకుంటా, భూమి వేడెక్కుతోందని, ఇకముందు తుఫాన్ల బలం పెరగవచ్చని పేపర్లో పడింది. వాళ్ళిద్దరూ అరుగు మీద ఉంటే చదివి వినిపించాను. ధనమ్మ ముఖం పాలిపోయింది.

సుబ్బారావు పగలబడి నవ్వాడు. "పేపరోళ్ళకి ఏదో ఒకటి రాయాలిగా టీచరుగారూ. మన జిల్లాకి ఎండలు కొత్తా ఏంటి? సముద్రం ఎప్పుడెట్టుందో ఇప్పుడూ అట్టాగే ఉంది. తుఫాన్లు పెరుగుతాయనుకుంటే మా కంపెనీ ఇంత చవగ్గా బీమా ఎందుకిస్తదండీ?"

ఆ మాట నాకూ సబబుగానే తోచింది. ధనమ్మ నిమ్మళంగా బుట్ట ఎత్తుకుంది.

మరుసటేడు మే నెలలో తుఫాను వచ్చింది. పడవలన్నీ కాలవలో ముంచి, జనం లారీలెక్కి రేపల్లె బడిలో తలదాచుకున్నారు. ఉప్పొంగిన నీళ్ళకు పెద్ద మరబోట్లు తాళ్ళు తెంచుకుని కాలవలోకి కొట్టుకొచ్చి, మునిగిన పడవల మీద పడ్డాయి. తోడి చూస్తే చెక్కలు తేలాయి.

తెనాలి బీమా ఆఫీసుకు ఆమెకు తోడుగా నేనూ వెళ్ళాను. పడవ ఎలా పోయిందని ఆఫీసరు అడిగాడు. ఇంకొకరైతే అల ఎత్తుకుపోయిందనేవాళ్ళు. ఈమె ఉన్నదున్నట్టు చెప్పింది.

"మీరే ముంచారా? చేజేతులా ముంచుకున్నదానికి బీమా వర్తించదమ్మా."

ధనమ్మ పక్క కుర్చీలో ఉన్న సుబ్బారావు వైపు తిరిగింది. "తమ్ముడూ, నువ్వు చూశావుగా. మంచి పనన్నావుగా. చెప్పు."

"నేనెప్పుడూ చూళ్ళేదండి" అన్నాడు వాడు, ఆఫీసరుతో.

వాడి చెంప పగలగొట్టాలనిపించింది నాకు.

పాలెంలో ఒక్కరికీ పైసా రాలేదు. వాళ్ళకు సుబ్బారావు ఎవరు? వాళ్ళు నమ్మింది ధనమ్మను. ఏజెంటుతో కలిసి ముంచిందన్నారు. ఆమెకు చేప అమ్మడం మానేశారు. నరసింహం కూడా మాట మానేసి, ఎవరి మరబోటులోనో కూలికి కుదిరాడు. ఆమె పాలెం విడిచి బాపట్ల చేరింది. అక్కడి ఒడ్డున చేపలు కొని, అటునుంచి రైల్లో తెనాలి వచ్చేది.

ఏడాది తిరగకుండా, ధనమ్మ నాకు చేపలు తూస్తుంటే సుబ్బారావు మళ్ళీ మా అరుగెక్కాడు. చేతిలో పేపరు. "చూశావా అక్కా, సముద్రం వేడెక్కుతుందంట. తుఫాన్లు ఇంక ఆగవంట. ఈ ఒడ్డున పడవలకి మా కంపెనీ రేటు కూడా పెంచేసింది. ఎంతైనా కట్టుకోక తప్పదు. మీ పాలెంలో నువ్వొక్క మాట చెప్పు."

ధనమ్మ చేతిలో తక్కెడ ఆగిపోయింది. "సముద్రం మారలేదన్నావుగా, ఇక్కడే కూచుని."

"అప్పటి లెక్క వేరక్కా."

"నీ లెక్కలు నమ్మే పడవ అమ్ముకోలేదు నేను. అమ్ముకునుంటే ఈపాటికి కొట్టుండేది. పాలెం ఉండేది. మొన్న మా మరిది కూతురి పెళ్ళికి నన్ను పిలవలేదయ్యా. ఎత్తుకు పెంచిన పిల్లది." కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అంత గట్టి మనిషి అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

సుబ్బారావు తల వంచుకుని పేపరు మడతపెట్టాడు. సిగ్గుపడ్డాడనే అనుకున్నాను.

"పోనీ, బాపట్ల వైపు నీ మాట వినేవాళ్ళుంటారుగా అక్కా?" అన్నాడు.