కోటమ్మ చెయ్యి పెట్టి చూపిన చోటు

1944వ సంవత్సరం. పిడుగురాళ్ల చుట్టుపక్కల సున్నపు బట్టీల పల్లెలకు నేను లోకల్ బోర్డు మిడ్‌వైఫ్‌ని. జనం 'సర్కారు మంత్రసాని' అనేవారు. నాకు మంత్రాలు రావు, సర్టిఫికెట్ మాత్రం ఉంది; దాన్నే మంత్రంలా జపించుకునే వయసు. ఉద్యోగానికి ఏడాదిన్నర, గర్వానికి అంతకన్నా ఎక్కువ.

ఒకరోజు పొద్దున్నే సుబ్బయ్య అనే బట్టీ కూలీ వచ్చి పిలిచాడు. అతని భార్య కోటమ్మకు మూడో కాన్పు. వెళ్లేసరికి ఆమె గదిలో నులక మంచం కోడు పట్టుకుని కూర్చుని ఉంది. నోట్లో మడతపెట్టిన గుడ్డ. నొప్పులకు అరిస్తే వాకిట్లో మగవాళ్లు వింటారని, కోడళ్ల చేత అలా గుడ్డ కరిపించడం అక్కడి అలవాటు. నొప్పులు మొదలయ్యాక గడప దాటితే గాలి సోకుతుందని బయటికీ పోనివ్వరు.

పొత్తికడుపు మీద చెయ్యి వేశాను. గుండ్రంగా, గట్టిగా తగిలింది.

"తల కిందికే ఉంది" అన్నాను.

"నేనూ అదే అన్నా నర్సమ్మా. ఆరుగుర్ని కన్నదాన్ని, నాకు తెలవదా?" అంది అత్త ఆదెమ్మ.

కోటమ్మ నోట్లో గుడ్డ తీసేసింది. "తలకాయ కింద లేదు నర్సమ్మా. ఈడుంది" అంటూ కుడి డొక్క మీద చెయ్యి పెట్టి చూపింది.

"ఊరుకోయే! లోపలికి దూరి చూసొచ్చినట్టు చెబుతుంది."

"కడుపు నాది అత్తా. ముందు ఇద్దరూ ఇట్టా లేరు. ఒంటేలుకి పోవాలంటే పోనియ్యరు, చెబితే ఇనరు. చానా కష్టంగా ఉంది."

నేనేం చేశానో రాయడానికి ఇప్పటికీ చెయ్యి వెనకాడుతుంది. "చదువుకున్నది నువ్వా నేనా కోటమ్మా? ఓర్చుకో" అని, ఆ గుడ్డ నేనే మళ్లీ మడిచి అందించాను.

మధ్యాహ్నం దాటింది. నొప్పులు వస్తున్నాయి, బిడ్డ కిందికి దిగడం లేదు. ఆమె ఒంటేలుకి పోవాలన్న మాట అప్పుడు బుర్రకెక్కింది. కాథెటర్, అంటే మూత్రం తీసే సన్నని రబ్బరు గొట్టం, మరిగించి పెట్టాను. గిన్నె నిండింది. గిన్నె నిండుతున్నకొద్దీ నేను తల అనుకున్నది నా చేతి కిందే కుంగిపోయింది. పొద్దున్నుంచీ నేను తల అని నమ్మింది నిండిన మూత్రాశయాన్ని. తల లేనిది నాకే.

కుడి డొక్క తడిమాను. కోటమ్మ చూపిన చోటే బిడ్డ తల ఉంది. ట్రాన్స్‌వర్స్ లై అంటారు, బిడ్డ అడ్డంగా పడుకోవడం. పొద్దున్నే ఆసుపత్రికి పంపి ఉంటే డాక్టరు పైనుంచే సర్ది తిప్పగలిగేవాడేమో. నా చెయ్యి అక్కడ ఉండగానే ఉమ్మనీరు పోయింది. దాంతోపాటు ఒక చిన్న చెయ్యి బయటికి వచ్చింది. నీలంగా ఉంది.

"నరసరావుపేట తీసుకుపోవాలి. ఇక్కడ నా వల్ల కాదు" అన్నాను.

సుబ్బయ్య గడప అవతల నుంచి తల్లి వంక చూశాడు. "ఏం చేద్దామే అమ్మా?"

"ఆస్పత్రికా? కోసేస్తారురా. రాసిపెట్టుంటే ఇంట్లోనే బతుకుద్ది."

"నన్నడగండి" అంది కోటమ్మ. వాకిట్లో వాళ్లందరికీ వినిపించేలా అరిచింది. "నేను పోతా. ఒరేయ్, మొగుడా, నన్ను లారీ ఎక్కించరా!"

మొగుణ్ణి ఆమె 'ఒరేయ్' అనడం ఆ గోడలు ఎన్నడూ విని ఉండవు. ఈసారి నేను ఆమె పక్కన నిలబడి, ఆసుపత్రికి పోవాల్సిందేనని రెండోసారి అన్నాను. బట్టీ దగ్గర బొగ్గు గ్యాసుతో నడిచే లారీ ఒకటి ఉంటే, సుబ్బయ్య పరుగెత్తి పిలుచుకొచ్చాడు. సున్నం బస్తాల మధ్య గడ్డి పరిచి పడుకోబెట్టాం.

ఆసుపత్రిలో క్లోరోఫారం ఇచ్చి బిడ్డను తిప్పి తీశారు. మగపిల్లాడు. దారిలోనో, అంతకుముందో పోయాడు.

"పొద్దున కడుపు చూసిందెవరు?" అని అడిగాడు డాక్టరు.

"నేనే."

ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

కోటమ్మకు చాలా రోజులు జ్వరం కాసింది. బతికింది. చూడ్డానికి వెళితే, అత్త పక్కన ఉండగానే, గోడవైపు చూస్తూ అంది: "నేనింకా గట్టిగా చెప్పాల్సింది నర్సమ్మా. నా బిడ్డ దక్కేవాడు."

"గట్టిగానే చెప్పావు. తప్పు నాది, నేను వినలేదు" అన్నాను. ఆదెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా ముందు అందర్నీ వాకిట్లోకి పంపేదాన్ని. కడుపు మీద చెయ్యి వేసే ముందే, "నీకెట్టా ఉంది? నీకేమనిపిస్తోంది?" అని అడిగేదాన్ని. చాలామంది ముందు తలుపు వైపు చూసేవాళ్లు. అలా అడిగినవాళ్లు అంతవరకూ ఎవరూ లేరు మరి. వాళ్లు నోరు తెరిచేదాకా కదలకుండా కూర్చోవడమే నేను ఆలస్యంగా నేర్చుకున్న పని.