గేటు కెమెరా తిప్పిన పెద్దమ్మ

అశోక్‌నగర్ హాస్టల్ పెద్దమ్మ ఇక లేదని మొన్న పొద్దున నా పాత రూమ్మేట్ ఫోన్ చేసి చెప్పింది. ఆఫీసుకు తయారవుతున్నదాన్ని, అలాగే మంచం మీద కూర్చుండిపోయాను. నాకీ ఉద్యోగం వచ్చిందంటే అది ఆమె చలవే.

హాస్టల్ నడిపే ఆమెను అందరం పెద్దమ్మ అనేవాళ్లం. కింద ఆమె ఇల్లు, పైన గ్రూప్స్‌కు చదివే ఆడపిల్లలం. గీజర్ ఎక్కువసేపు వేసినా తిట్టేది, అన్నం తక్కువ తిన్నా తిట్టేది. జ్వరమొస్తే మాత్రం నోరెత్తకుండా ఆటో ఎక్కించి బర్కత్‌పుర డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేది.

అవి ఉద్యమం రోజులు. సాయంత్రం చిక్కడపల్లి లైబ్రరీ నుంచి వస్తుంటే ఒకడు నా వెంటపడటం మొదలుపెట్టాడు. నేను లోపలికి వెళ్లాక కూడా గేటు ఎదురుగానే నిలబడేవాడు. సంగతి ఊళ్లో నాన్న చెవిన పడింది, ఫోన్ చేశాడు. "చదివింది సాలు బిడ్డా, వచ్చి తీస్కపోత" అన్నాడు. ఒకసారి ఊరికి వెళ్తే మళ్లీ పంపరని నాకు తెలుసు. ఏడుస్తూ పెద్దమ్మకు చెప్పాను.

గేటు మీద కెమెరా ఉంది, దాని బొమ్మ కింద పెద్దమ్మ ఇంట్లో టీవీలో వచ్చేది. పగలు బొమ్మ అద్దంలా కనిపించేది. పొద్దుగూకితే చాలు, వాడి ముక్కేదో మూతేదో తెలిసేది కాదు. పెద్దమ్మ కెమెరా బిగించినతనికి ఫోన్ చేసి కడిగేసింది.

"మధ్యాహ్నం ఎండల ఫోకస్ పెట్టినమమ్మా. చీకటైతే లెన్స్ పూర్తిగ తెరుచుకుంటది, అప్పుడు ఫోకస్ జర తప్పినా మసకైతది. సాయంత్రం వచ్చి లెన్స్ తిప్పాలె. రేపొస్త" అన్నాడతను.

రేపటిదాకా ఆగే మనిషా! గేటుకు పెద్ద బల్బు పెట్టించి, ఆ రాత్రి వాడు వెళ్లిపోయాక తానే స్టూలెక్కి లెన్స్ తిప్పడం మొదలుపెట్టింది. వాడు నిలబడే చోట నన్ను నిలబెట్టింది. రూమ్మేట్ లోపల టీవీ ముందు కూర్చుంది.

"ఇప్పుడు కనిపిస్తుందా?"

"ముక్కు కనిపిస్తుంది పెద్దమ్మా!"

"ముక్కుతోని ఏం జేస్తవే, కండ్లు కనిపియ్యాలె!"

మరునాటి సాయంత్రం వాడి ముఖం స్పష్టంగా దొరికింది. పెద్దమ్మ టీవీ మీది బొమ్మను ఫోన్‌లో ఫొటో తీసుకుని, చుట్టుపక్కల దుకాణాల్లో చూపించి అడిగి, వెనక గల్లీలోని మగపిల్లల హాస్టల్‌కు వెళ్లింది. వాడు ఉండేది అక్కడేనట. ఆ ఓనర్ వాణ్ని వెంటనే ఖాళీ చేయించాడు.

ఆ తర్వాత నాన్న రానే వచ్చాడు. పెద్దమ్మ ఆయన్ను టీవీ ముందు కూర్చోబెట్టి వాడి బొమ్మ చూపించింది.

"చూడు తమ్మీ, తప్పు జేసినోడు వీడు. గల్లీ ఇడ్సి పోయిండు. ఏ తప్పు జెయ్యని నీ బిడ్డ ఎందుకు పోవాలె?"

 నాన్న చాయ్ తాగి, సర్దిపెట్టిన నా బ్యాగు ముట్టుకోకుండానే లేచాడు. "జర చూస్కో అక్కా" అని బయటికి నడిచాడు.

నేనూ పెద్దమ్మా టీవీలో చూస్తున్నాం. మునిమాపు వేళ నాన్న గేటు దాటి, ఆగి, వెనక్కి తిరిగాడు. కెమెరా వైపు తలెత్తి రెండు చేతులూ జోడించాడు. ఆయన కళ్లలో తడి కూడా కనిపించింది. పెద్దమ్మ గబుక్కున కుర్చీలోంచి లేచి, కొంగు భుజం నిండా కప్పుకుని, టీవీకి ఎదురుగా నిలబడి తిరిగి దండం పెట్టింది.