సుద్ద పూసిన ఓడ

జలప్రళయానికి ముందు ఓడ కట్టినవాడి కథ ఆదివారం ప్రార్థనలో నా నోట ఎన్నిసార్లు విన్నారు? మరి మీ ఊళ్లోనే ఒక మనిషి ఓడ కడుతుంటే, ఒక్కసారైనా వెళ్లి ఒక ఇనుప ప్లేటు పట్టుకున్నారా? ఆ మనిషి, మా చిన్నాయన, మొన్న మంగళవారం పాల్వంచ దవాఖానాలో కన్నుమూశాడు.

కరెంటు ఫ్యాక్టరీలో బాయిలర్ వెల్డర్‌గా రిటైరై, అడవి అంచున రేకుల షెడ్డులో నలభై అడుగుల మోటారు పడవ మొదలుపెట్టాడు. రెండు పడకలు, చిన్న వంటిల్లు, పెద్ద డీజిల్ ట్యాంకులు. కాకినాడలో బయలుదేరితే మధ్యలో డీజిల్ కోసం ఆగకుండా తీరం వెంట మద్రాసు దాకా పోవాలని లెక్క. ముందు దాని గీతలన్నీ అసలు కొలతతో సిమెంటు నేల మీద సుద్దతో గీశాడు. మన సంఘం ఆడవాళ్లు చూసి, "ముగ్గు మస్తుగున్నది, గొబ్బెమ్మలేవీ?" అని నవ్వారు.

మొదటిసారి పడవ అడుగుభాగానికి మందపాటి ప్లేటు వేశాడు. చేతికి బాయిలర్ అలవాటు పోలేదు. బరువు లెక్కేసుకుని తల పట్టుకున్నాడు. "సముద్రానికి బాయిలర్‌ను పంపుతున్ననా," అని తనే నవ్వి, మొత్తం కోసి మళ్లీ కట్టాడు. రెండేళ్లు పోయాయి.

ఒకరోజు నన్ను పిలిచాడు. "ఓడ గురించి గంట మాట్లాడ్తవు. గీ ప్లేటు పది నిమిషాలు పట్టు."

"ప్రార్థనకు టైమైంది చిన్నాయనా."

"పో. ఓడ కట్టినాయనకు ముగ్గురు కొడుకులుండిరి. నాకు నువ్వూ, నీ ఆదివారాలూ."

వెళ్లిపోయాను. ఆ రోజు ఏం బోధించానో గుర్తు లేదు. ఆయన ఒక్కడే ప్లేటుకు భుజం ఆనించి నిలబడడం మాత్రం గుర్తుంది. నా మీద నాకు వచ్చే కోపం ఇంతా అంతా కాదు. మీ మీద కూడా ఉంది, దాచను.

అతుకుల పరీక్ష ఆయనకు ప్రాణం. బయట సుద్దనీళ్లు పూసి, లోపల కిరసనాయిలు రాసేవాడు. సన్న రంధ్రం ఉన్నా సుద్ద మీద తడి మరక తేలుతుంది. "అతుకు అబద్ధమాడితే సుద్ద చెప్తది," అనేవాడు. పక్కల అతుకులన్నీ అలాగే చూశాడు. అడుగున పొడుగునా పోయే పెద్ద అతుకు మిగిలింది.

నిన్న సమాధి దగ్గర నుంచి వస్తుంటే ఆయన కూతురు, మా చెల్లె, అంది: "అన్నా, షెడ్డు ఖాళీ చేయాలె. ఎల్లుండి పొద్దున పాత ఇనుము లారీ వస్తది. అడుగు మంచిగున్నదని తేలితే కాకినాడ పడవలోళ్లు తీస్కపోయి ఇంజను పెడ్తమన్నరు. లేకుంటే ఆ లారీకే ముక్కలు కోపిస్త. నాయిన కట్టింది నా చేతులతోనే కోపియ్యాల్నా?"

నలభై అడుగుల అతుకు. మరక తేలగానే పట్టుకోవాలంటే నా రెండు కళ్లు చాలవు. పొద్దున్నే వెళ్లి సుద్ద పూశాను. ఆ పడవ చీకటి పొట్ట కింద తెల్లటి గీత ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకు ఆరుతూ ఉంది. ఎప్పుడూ చంకలో ఉండే గ్రంథం ఇవాళ ఇంట్లోనే పెట్టి, కిరసనాయిలు డబ్బా పట్టుకుని షెడ్డు వాకిట్లో నిలబడి మీకీ కబురు పంపుతున్నాను. వాక్యం వచ్చే ఆదివారం విందురుగాని. టార్చిలైట్లు తీసుకుని ఇవాళే, పొద్దుగూకక ముందే రండి.