సర్వీసు నాది, వాన నాయనది

మా టీవీ రిమోటులో కింది వరుస బటన్లు పనిచేయడం మానేసి చాలా రోజులైంది. పాటల చానల్ కోసం నొక్కితే ఆటల చానల్ వస్తుంది, ఆటల చానల్ కోసం నొక్కితే ఏమీ రాదు. ఉద్యోగ విరమణ తర్వాత మనిషికి దక్కే మర్యాద ఇంతేనని సరిపెట్టుకొని, మొన్న మధ్యాహ్నం వచ్చిందే చూస్తూ కూర్చున్నాను. ఎక్కడో దూరదేశంలో ఆడవాళ్ల టెన్నిస్ జరుగుతోంది. చినుకు పడింది. ఆట ఆగుతుందనుకుంటే, మైదానం పైకప్పు రెండు వైపుల నుంచీ నెమ్మదిగా జరిగివచ్చి మూసుకుంది. వాన వస్తే తలుపు వేసుకునే మనుషులుంటారని అనంతపురం జిల్లాలో పుట్టిన నాకు ఎవరూ చెప్పలేదు.

మీకు తెలిసే అవకాశం తక్కువ గాని, నేనూ ఒకప్పుడు టెన్నిస్ ఆడి బతికినదాన్నే. బతికానంటే కాస్త ఎక్కువ చెప్పినట్టు. ప్రపంచ ర్యాంకుల జాబితాలో నా పేరు ఉండేది, అది కనబడాలంటే చదివేవాళ్లకు ఓపిక, మంచి కళ్లద్దాలు కావాలి. గుంతకల్లులో రైల్వే ఉద్యోగి అయిన మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటూ, ఆయన దగ్గరే, కాలనీలోని ఎర్రమట్టి కోర్టులో ఆట నేర్చుకున్నాను. చల్లడానికి నీళ్లు లేక ఆ నేల ఇటుకలా గట్టిపడి ఉండేది. డిగ్రీ అయ్యాక రెండో తరగతి బోగీల్లో ఊరూరా తిరిగి, ఎక్కువగా మొదటిరోజే ఓడి, సాయంత్రం బండికే తిరిగివచ్చేదాన్ని. రైళ్ల వేళలు నాకు తెలిసినంతగా మరే క్రీడాకారిణికీ తెలిసి ఉండవు.

ఆ జాబితాకు ఒక నియమం ఉంది. సంపాదించిన పాయింట్లు ఏడాది తిరగగానే రాలిపోతాయి, ఈలోగా కొత్తవి రాకపోతే పేరే ఉండదు. ఆ ఆగస్టులో బెంగుళూరు పోటీకి పోయేసరికి నావి రాలిపోవడానికి సిద్ధంగా ఉన్నాయి. ఆ ఒక్క మ్యాచి గెలిస్తే ఇంకో ఏడాది క్రీడాకారిణిని, ఓడితే మామ చూసిపెట్టిన రైల్వే గుమాస్తా ఉద్యోగం. అంతవరకు నా ఆట చూడని నాయన ఆసారి మామతో కలిసి వచ్చాడు. మనిషి వచ్చాడే గాని మనసు చేలోనే ఉంది. వేరుశనగ, మా మాటలో శెనక్కాయ, ఊడలు భూమిలోకి దిగి కాయ కట్టే సమయం, నెల దాటినా చుక్క పడలేదు, ఇంకొన్నాళ్లు ఇట్లాగే ఉంటే పైరు పశువులకు మేపుకోవడమే.

చివరి సెట్టులో ఇంకొక్క గేము చాలు, సర్వీసు నాదే. అప్పుడు మబ్బు పట్టింది. బంతిని నేలకు కొడుతూ ఒకసారి పైకి చూశాను. చినుకులు మొదలయ్యాయి, అంపైరు ఆట ఆపాడు, అవతలి అమ్మాయి రాకెట్లు సంచిలో సర్దుకొని పరుగెత్తింది. నేను ఓదార్పు కోసం నాయన వైపు చూశాను. ఆయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకొని, మొహం ఆకాశానికెత్తి నవ్వుతున్నాడు. నేను తెచ్చిన ఏ కప్పుకూ ఆ నవ్వు దక్కలేదు. నివ్వెరపోయి నిలబడ్డాను. వానకు పరుగెత్తే అలవాటు మావైపు ఎట్లాగూ లేదు, వస్తే వీధిలోకొచ్చి నిలబడతాం. నాతోపాటు, బెంచీ మీద నోరు తెరుచుకున్న సంచిలో నా రాకెట్లూ తడిశాయి. వాటివి జంతువుల పేగుతో చేసిన తీగలు, నీళ్లు తగిలితే సడలిపోతాయి. ఎండల్లో పెరిగినదానికి ఆ సంగతి వినడమే గాని, జాగ్రత్తపడే అవసరం ఎన్నడూ రాలేదు.

"ఏం బావా, పాప ఆట నిలిచిపోతే నీకు నవ్వొస్తాండాదా?" అన్నాడు మామ.

"ఆట రేపన్నా ఆడుకోవచ్చప్పా. శెనక్కాయ రేపటిదాకా ఉంటాదా?" అంటూ నాయన ఊరికి ఫోను చేయడానికి వానలోనే బూతు వెతుక్కుంటూ పోయాడు. గాజు తలుపు మూసినా ఆయన కేకలు రోడ్డుదాకా వినిపించాయి: "ఆడ గూడా పడతాండాదా? నేల పదునయిందా?"

మర్నాడు పొద్దున ఆట మళ్లీ మొదలైంది. సడలిన తీగలతో కొట్టిన బంతి నేను అనుకున్నచోటికి తప్ప అన్నిచోట్లకూ పోయింది. ఆ గేము పోయింది, దాని వెనకే మిగతావీ పోయాయి. తీగలు బిగించే మనిషి తీరిగ్గా వచ్చేసరికి నేను ప్రత్యర్థితో చేయి కలిపి బయటికి వచ్చేశాను. ఆ తర్వాతి జాబితాలో నా పేరు లేదు. ఆ సంగతి నేనూ మామా తప్ప ప్రపంచంలో ఎవరూ గమనించినట్టు లేదు.

నాయన పోయి చాలా ఏళ్లైంది. చేను తమ్ముడు చూసుకుంటున్నాడు. శెనక్కాయ మానేసి, బోర్లు వేసి, సన్న పైపులతో చీనీ చెట్లకు, అంటే బత్తాయికి, నీళ్లు పెడుతున్నాడు, వాన సంగతి కావాలంటే ఫోనులో చూస్తాడు. మొహమెత్తి నిలబడేవాళ్లు మా ఊళ్లోనూ ఇప్పుడు కనబడరు. అట్లా నవ్వే అవసరం మనుషులకు తగ్గినందుకు సంతోషించాలో, దిగులుపడాలో నాకింకా తేలలేదు.

నిన్న తమ్ముడికి ఫోను చేసి ఇదంతా చెప్పాను. నేను బెంగుళూరులో సర్వీసు చేస్తున్నప్పుడు వాడు ఊళ్లో చేనుగట్టు మీద కూర్చొని మబ్బుకేసి చూస్తున్నాడట. అంతా విని ఇంతే అన్నాడు.

"నిజం చెప్పక్కా, ఆ మబ్బు చూసి వాన రాగూడదని మొక్కుకున్నావు గదా నువ్వు."