ముఖం కింద ఆకుపచ్చ

ఏడేళ్లుగా నేను మోస్తున్నది ఒక దూదిపుల్ల. చెవులు శుభ్రం చేసుకునే మామూలు దూదిపుల్ల. తక్కెడలో వేస్తే ముల్లు కూడా కదలదు. అయినా బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నప్పుడు, ఉన్నట్టుండి అది వేళ్ల మధ్య ఉన్నట్టే అనిపిస్తుంది. చెయ్యి జేబులో పెట్టుకుంటాను.

ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు? పేపర్లో ముప్పయ్యేళ్లు పనిచేసినవాడికి తెలిసినవాళ్లు వేలల్లో ఉంటారు. కూర్చోబెట్టి మనసులో మాట చెప్పుకోదగ్గవాళ్లు ఉండరు. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అది కొంత సులువు.

ముందు నా అలవాటు చెప్పాలి. నేను చిన్న చిన్న బొమ్మలు పోగేస్తాను, వాటికి రంగులు వేస్తాను. దేవుళ్ల బొమ్మలు కావు. రోదసి సైనికులు, రోబోలు, నాలుగు చేతుల గ్రహాంతరవాసులు. బొటనవేలంత ఉంటాయి. కొరియర్‌లో బూడిదరంగు ప్లాస్టిక్ ముక్కలుగా వస్తాయి. వాటిని అతికించి, ప్రైమర్ కొట్టి, భూతద్దం కింద పెట్టుకుని, మూడు సున్నాల నంబరు సన్నటి బ్రష్షుతో కంటిపాప దిద్దాలి. దిద్దేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. ఒక్కో బొమ్మకు పది రోజులు పడుతుంది. ఖమ్మంలో నేను కిరాయికుంటున్న రెండు గదుల్లో ఒకటి వాటిదే. పోడు భూముల తగాదాలు, గోదావరి నీటిమట్టం రాసే మనిషి ఇంటికెళ్లి రోబో మోకాలికి తుప్పు రంగు వేస్తాడంటే ఆఫీసులో నవ్వరూ? అందుకే తెలియనివ్వలేదు. పెళ్లి చేసుకోలేదు. దాని వెనక పెద్ద కథేమీ లేదు. జరగలేదు, అంతే.

భద్రాచలంలో విలేకరిగా ఉన్న రోజుల్లో ముందు పన్ను విరిగింది. పక్క పళ్లతో రంగు కలపాలి, మేడ మీదికి వెళ్లండని డాక్టరు పంపాడు. మేడ మీద దానియేలు ఉన్నాడు. ఊళ్లోని పళ్ల డాక్టర్లకు కట్టుడు పళ్లు చేసిచ్చేది అతనే. గది నిండా ప్లాస్టర్ దవడలు. ఒక షెల్ఫులో ఆ దవడల మధ్య, హెల్మెట్లు పెట్టుకుని, వీపుకు గాలి సిలిండర్లు కట్టుకుని, బొటనవేలంత మనుషులు నిలబడి ఉన్నారు. నేను కుర్చీలో కూర్చోవడం మరిచిపోయాను.

"ఏంది సార్, నోరు తెర్వమంటే కండ్లు తెరుస్తున్నరు?" అన్నాడు దానియేలు.

ఆ రోజు నా సంతోషం ఇంతా అంతా కాదు. ఈ అడవి అంచున నాలాంటివాడు ఇంకొకడున్నాడు! అతను బొమ్మలు కొనేవాడు కాదు. మైనంతో చెక్కి, అచ్చు తీసి, కట్టుడు పళ్ల చిగుళ్లకు వాడే గులాబీ పొడితో పోతపోసేవాడు. రంగు పడేదాకా అతని రోదసి వీరులందరి ఒళ్లూ చిగుళ్ల రంగులోనే ఉండేది. నెల తిరక్కుండానే 'సార్' పోయి 'అన్నా' వచ్చింది. నేను 'తమ్మీ' అనేవాణ్ణి.

అతని భార్య మరియమ్మ. టేకులపల్లి అవతలి అడవి ఊరు ఆమెది. పెళ్లికి ముందు ఎండాకాలమంతా బీడీలకు తునికాకు ఏరి కట్టలు కట్టిన మనిషి. ఆదివారం ప్రార్థన అయ్యాక వాళ్లింట్లోనే నా భోజనం. ఇద్దరం బొమ్మలు ముందేసుకుని కూర్చుంటే ఆమె టీ గ్లాసులతో వచ్చి నిలబడేది.

"పండ్లు చేసేటోడు ఒకడు, పేపర్ల రాసేటోడు ఒకడు. ఇద్దరు కల్సి గీ భూతాలకు సున్నం కొడుతున్నరు. మా ఇంటి గోడలకెప్పుడు కొడ్తరు అన్నయ్యా?"

నా జీవితంలో నన్ను అలా ఆటపట్టించినవాళ్లు తక్కువ. ఆ మూడేళ్లూ నాకు ఆదివారాలు ఉండేవి. తర్వాత నన్ను ఖమ్మం డెస్క్‌కు మార్చారు. ఆ మరుసటి ఏడు ఆమె జ్వరంతో దవాఖానాలో చేరి, పదకొండు రోజులకు పోయింది.

దానియేలు ఏడవలేదు. పని మానలేదు. సంవత్సరం తిరిగాక ఫోన్ చేసి రమ్మన్నాడు. వెళ్తే, అరచేతిలో పెట్టి చూపించాడు. ఎర్రమట్టి గ్రహం మీద ఒక ఆడమనిషి. ఒంటికి తెల్లటి రోదసి సూటు, వీపు మీద తునికాకు మూట. హెల్మెట్ అద్దం పైకి ఎత్తి ఉంది. లోపల మరియమ్మ.

"ఈడ ఆకు అయిపోయిందని ఆడికి పోయింది," అన్నాడు.

గోరంత ముఖం. గోరులో సగం. భూతద్దం అడిగి తీసుకుని దాని మీదికి వంగాను. తల ఎత్తకపోవడానికి కారణం దుఃఖం అని అతను అనుకున్నాడు. కొంత దుఃఖమే. మిగతాది ఏమిటో ఇప్పుడు రాయాలి. అసూయ. ఆ మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. పదిహేనేళ్లుగా ముఖాలు వేస్తున్నాను. నేను వేసిన ముఖాలన్నీ రంగు వేసిన ముఖాల్లా ఉంటాయి. అతను వేసింది చర్మంలా ఉంది. కింద నెత్తురు ఉన్నట్టుంది. ఎలా? కింద ఏ రంగు వేశాడు? నోరు తెరిచి అడిగితే చెప్పేవాడే. ఎందుకు అడగలేదు? అతని కంటే ముందు మొదలుపెట్టినవాణ్ణి, 'అన్నా' అనిపించుకుంటున్నవాణ్ణి, నాకు తెలియదని ఒప్పుకోవాలా అనుకున్నాను. ఇంత చిన్నదానికి మనిషి అంత పని చేస్తాడా అని మీకు అనిపించవచ్చు. చేస్తాడు.

మంచి కెమెరాతో ఫొటో తీయించి ఆదివారం పేజీలో వేయిస్తానని చెప్పి బొమ్మను ఖమ్మం తెచ్చుకున్నాను. ఫొటో తీయించాలనే అనుకున్నాను, అది అబద్ధం కాదు. కానీ అంతకంటే ముందు, మర్నాడు పొద్దున్నే, దూదిపుల్లను రంగు కరిగించే స్పిరిట్‌లో ముంచాను.

మా అలవాటు ఉన్నవాళ్లకు తెలుస్తుంది. పూర్తయిన బొమ్మ మీద వార్నిష్ వేస్తాం. వార్నిష్ ఉంటే స్పిరిట్ ఒక్కసారిగా దిగదు. కనపడని చోట కొంచెం రుద్ది, పొరలు చూసి, మళ్లీ దిద్దేయవచ్చు. పాత బొమ్మలు కొన్నప్పుడు వంద సార్లు చేశాను. హెల్మెట్ అంచు నీడలో, గడ్డం కింద, ఆవగింజంత మేర అనుకున్నాను. వార్నిష్ ఉందా లేదా అని కూడా చూడలేదు. దానియేలు ఒళ్లంతా వేశాడు, ముఖానికి వేయలేదు. వార్నిష్‌తో వచ్చే మెరుపు ఆమె ముఖానికి ఇష్టం లేక వదిలేశాడు. అది నాకు తర్వాత అర్థమైంది.

ఒక్క గీత. ముఖం జారిపోయింది. దూది మీదికి చామనఛాయ వచ్చింది. కంగారులో మళ్లీ అద్దాను. ఈసారి ఆకుపచ్చ. పాచి పట్టిన రాయి లాంటి పలుచటి ఆకుపచ్చ. దాని కింద చిగుళ్ల గులాబీ. ఇక ఏమీ లేదు.

మీకు ఒక నిజం చెప్పాలి. ఆ క్షణంలో నా తలలో మెరిసిన మొదటి ఆలోచన 'అయ్యో' కాదు. 'ఓహో, ఆకుపచ్చా!'

పన్నెండు రోజులు ఆఫీసుకు సెలవు పెట్టి ఆ ముఖాన్ని మళ్లీ వేశాను. కింద ఆకుపచ్చ, పైన చామనఛాయ. ఆమె నాకూ తెలిసిన మనిషే కదా అనుకున్నాను. వేసి తుడిచాను, వేసి తుడిచాను. చివరికి ఒక ముఖం వచ్చింది. చక్కటి ముఖమే. నేను అంతకు ముందు వేసిన వాటన్నిటికంటే బాగా వచ్చింది. ఆమె మాత్రం రాలేదు.

ఫొటోలు సరిగ్గా రాలేదని చెప్పి, డబ్బాలో దూది పరిచి తీసుకెళ్లి ఇచ్చాను. మధ్యాహ్నం వేళ. దానియేలు దీపం దగ్గరికి లాక్కుని, తలకు భూతద్దం బిగించుకుని చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"అన్నా, ఇదేంది?"

"ఏందంటే?"

"మూట నాదే. బట్టలు నాయే. ఈమె మరియమ్మ కాదు గదా."

"ఇచ్చింది నువ్వే గద తమ్మీ."

"అవ్, నేనే ఇచ్చిన. ఫొటో తీసేకాడ ఏమన్న తాకిందా?"

నిజం చెప్పడానికి తలుపు తీసి పెట్టాడు. లోపలికి అడుగు వేస్తే చాలు.

"లేదు," అన్నాను.

"మరి మీరు తీస్కపోయిన నాడు ఎట్లుండె? మీరు గూడ చూసిండ్రు గద."

"గిట్లనే ఉండె."

రెండే మాటలు. నా వృత్తిలో వేలాదిమంది మాటలు రాసుకున్నాను. ఎవరు చూసింది చెబుతున్నారో, ఎవరు కల్పిస్తున్నారో కళ్లు చూసి పట్టేసేవాణ్ణి. దానియేలుకు ఆ విద్య రాదు. నా మాట నమ్మాడు. భూతద్దం పైకెత్తి నవ్వాడు.

"గిట్లనే ఉండెనా? అయితే ఇన్ని దినాలు నేను ఎవరికి ముచ్చట్లు చెప్పిన అన్నా? ఎవరో పక్కింటామెను పట్టుకొని పెండ్లాం అనుకున్ననా? మరియమ్మకు తెలిస్తే ఇద్దర్ని చీపురుతోని కొడ్తది."

నేను కూడా నవ్వాను. అది కూడా రాసుకోండి.

వారం తర్వాత కంటి డాక్టరుకు చూపించుకున్నాడు. ఫోన్ చేశాడు. "కండ్లు మంచిగనే ఉన్నయంట అన్నా. అంటే చెడింది లోపలనే. ఆమె మొఖం నా తలకాయలకెల్లి ఎప్పుడో పోయింది, ఉన్నదనుకుంట తిరుగుతున్న." సరిచూసుకోవడానికి కూడా ఏమీ లేదు. గోదావరి ఇంట్లోకి వచ్చిన ఏడు పెళ్లి ఆల్బం నీళ్లలో నాని అట్టముక్క అయింది. ఫోన్‌లోని ఒకటి రెండు ఫొటోల్లో ఆమె కొంగు అడ్డం పెట్టుకుని తల తిప్పుకుంది. "ఆధార్ కార్డు తీసి చూసిన. దాంట్లయితే నా లెక్క ఉన్నది ఆమె," అన్నాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. పేపర్లో తప్పు పడితే మర్నాడు ఏదో మూల నాలుగు లైన్ల సవరణ వేస్తాం. నేనే ఎన్ని రాశాను! ఈ ఒక్కటి రాయలేకపోయాను. తుడిచేశానని చెబితే క్షమించేవాడేమో. ముఖంలో ముఖం పెట్టి అబద్ధం ఆడానని ఎలా చెప్పను? చెబితే ఆ ఇల్లు కూడా నాకు ఉండదు. నాకు ఉన్నది ఆ ఒక్క ఇల్లే. నా ఒంటరితనం కాపాడుకోవడానికి అతన్ని నాకంటే ఒంటరివాణ్ణి చేశాను. ఇంతకంటే సూటిగా నాకు చెప్పడం రాదు.

దానియేలు బొమ్మలు మానేశాడు. మైనం పళ్లకు మాత్రమే వాడతాడు. మిగతా బొమ్మలన్నీ చర్చి పిల్లలకు ఇచ్చేశాడు. ఆమెను మాత్రం ఉంచాడు. ఎందుకని అడిగితే, "ఎవరైతేంది, ఇంట్లకు వచ్చినామెను బయటికి పంపుతమా?" అన్నాడు. షెల్ఫులో దవడల మధ్య ఒక్కతే నిలబడి ఉంటుంది, గోడవైపు తిరిగి. నేను ఎప్పుడు వెళ్లినా ముందు కనపడేది ఆ తునికాకు మూటే.

ఇంకొకటి మిగిలింది. ఆ తర్వాత నా బొమ్మల ముఖాలు బాగుపడ్డాయి. కింద ఆకుపచ్చ వేస్తున్నాను. ఇంటర్నెట్‌లో మా అలవాటున్నవాళ్ల బృందం ఒకటుంది. అక్కడ నా రోదసి సైనికుల ముఖాలు చూసి, ఈ చర్మం ఎలా సాధించారు సార్ అని అడుగుతారు. అభ్యాసం అని చెబుతాను.

నా పేరు పెట్టకుండా రాస్తున్నాను. కానీ చదవగానే ఇది ఎవరి సంగతో పోల్చుకోగల మనిషి ఒక్కడున్నాడు. అతను ఏది దొరికినా చదువుతాడు, పళ్లు చుట్టుకొచ్చిన కాగితం కూడా. చదివితే చదవనీ. ఆ తర్వాత తలుపు తీయకపోతే తీయకపోనీ. క్షమించమని అడగడం లేదు. అలా అడిగితే మళ్లీ నా కోసమే అవుతుంది. ఈ ఆఖరి పేజీ దాకా వచ్చేసరికి ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది, ఆ మాత్రమే నాకు దక్కేది. బొమ్మ మీది ఆ ముఖాన్ని చూసినవాళ్లం ఇద్దరమే. ఒకడు నా మాట నమ్మి అది ఎప్పుడూ లేదనుకుంటున్నాడు. ఇక సాక్ష్యం చెప్పాల్సింది నేనే.

చూసింది చూసినట్టు రాస్తున్నాను. ఎడమ కనుబొమ కుడిదానికంటే వెంట్రుకంత పైకి ఉంది. గడ్డం మీద కుడివైపు పాత గంటు, సన్నగా, చుట్టూ ఉన్న చర్మం కంటే కాస్త లేతగా. కళ్లు ఎండకు చికిలించి ఉన్నాయి. పై పెదవి ఒక పక్కకు లేచి ఉంది, ఎవరినో ఆటపట్టించే మాట నోటిదాకా వచ్చినట్టు. ఆమె చేతి టీ మూడేళ్లు తాగినవాణ్ణి, నాకు తెలుసు.

తమ్మీ, ఆమె మరియమ్మనే. నువ్వు మర్వలే. తుడిచింది నేను.