ముడుపు కట్టిన బండి

మా బంధువులలో ఒక అబద్ధం తిరుగుతున్నది. తెలిసి చెప్పే అబద్ధమైతే నేను పట్టించుకొనేవాణ్ణి కాను. ఇది వరుస తప్పిన నిజం. ముందు జరిగినదానిని వెనుకకు, వెనుక జరిగినదానిని ముందుకు మార్చి, పెళ్లి పందిళ్లలోనూ పెద్దకర్మల భోజనాల దగ్గరా చెప్పుకొంటున్నారు. ఆ మాటలు నమ్మి నా బావమరిది, బాగుపడిన బండిని మళ్లీ చేజేతులా పాడు చేసుకోవడానికి సిద్ధమవుతున్నాడు. వాని ఇంట్లో నాలుగు నోళ్లకు అన్నం పెట్టేది ఆ బండి ఒక్కటే. అందువల్ల జరిగినది జరిగిన వరుసలో రాసిపెట్టడం నా విధి అనుకొన్నాను.

బండి పాతకాలపు డీజిల్ పికప్. పాకాల దగ్గరి పల్లెలో ఉండే నా బావమరిది దానితో చిత్తూరు నుండి పశువుల దాణా బస్తాలు పలమనేరు వైపు పాడి రైతులకు చేరవేసేవాడు. వచ్చేటప్పుడు టమాటా దొరికితే టమాటా, లేకపోతే ఖాళీ. దారిలో మొగిలి ఘాటు ఉన్నది. బస్తాలతో ఆ ఘాటు ఎక్కగలిగితేనే బండికి పని. ఎక్కలేని రోజున ఆ బండి ఇంటి ముందు ఇనుప సామాను.

ఒకసారి ఆ ఘాటులోనే బండి వెనక్కి జారి, రోడ్డు అంచు గోడకు ఆనుకొని నిలిచింది. మనిషికి గీత కూడా పడలేదు. ఆ వార్త విని మా అత్తగారు, అంటే వాని తల్లి, తిరుపతి కొండకు మొక్కుకొన్నది. తువ్వాలంత పసుపు గుడ్డ కొనలో ఒక రూపాయి ముడివేసి, ముడుపుగా బండి ముందరి కడ్డీలకు కట్టింది. కొడుకును వెంటబెట్టుకొని కొండెక్కి, ఆ ముడుపు హుండీలో వేసి రావాలని ఆమె సంకల్పం. కొడుకేమో ప్రతి నెలా ఒకే జవాబు చెప్పేవాడు: "లోడు ఉండాది మా. వచ్చే నెల పోదాం."

కొంతకాలానికి బండి ఘాటు ఎక్కడానికి ఆయాసపడడం మొదలుపెట్టింది. మా వైపు డ్రైవర్లు దీనిని 'పికప్ లేదు' అంటారు. పికప్ అనే బండికే పికప్ లేదని చెప్పుకోవడం వినడానికి నవ్వులాటగా ఉంటుంది. డీజిల్ పోసేవానికి నవ్వు రాదు. నల్లని పొగ, తడవ తడవకు ఎక్కువ డీజిలు, ఘాటులో సగం దూరం మొదటి గేరు. చిత్తూరు శివారులో షెడ్డు పెట్టుకొన్న మెకానిక్ మొదట 'పంపు పెంచినాడు'. అంటే ఇంజనుకు డీజిలు అందించే పంపు మర తిప్పి, ఎక్కువ డీజిలు పోయేటట్లు చేశాడు. కొద్దిరోజులు బండి ఎగిరింది, తర్వాత ఇంకా మూలిగింది. పిమ్మట థర్మోస్టాట్ వాల్వు తీసి పారేశాడు. ఇంజను తగినంత వేడెక్కేదాకా నీళ్లను రేడియేటరులోకి పోనివ్వకుండా ఆపే చిన్న కవాటమది. 'మన ఎండలకు అది దేనికి' అన్నాడట. ఆ మీదట ఇంజనులోకి డీజిలు చిమ్మే నాజిళ్లు మార్చాడు. చివరకు ఇంజనే విప్పాలన్నాడు.

దాణా వ్యాపారి ఊరుకొంటాడా? రెండుమార్లు బస్తాలు ఆలస్యంగా చేరాయి. మూడవమారు అట్లా జరిగితే వేరే బండి చూసుకొంటానని మర్యాదగానే చెప్పాడు. అప్పుడు గాని నా బావమరిదికి నేను గుర్తు రాలేదు. తిరుపతిలో ఉన్న నాకు ఫోను చేసి, "బావా, నువ్వు ఒకసారి వచ్చి సూడు. ఇంజను విప్పమంటాడు. విప్పితే మళ్లీ నేను లేసేది లేదు" అన్నాడు.

నేను యంత్రవిద్య చదివినవాడిని కాను. జీవితమంతా వ్యాకరణం చెప్పినవాడిని. అయినా బావి గట్టున డీజిల్ ఇంజను ఉన్న ఇంట్లో పుట్టి పెరిగాను. ధాతువు తెలియకుండా ప్రత్యయం చేర్చరాదని పాఠం చెప్పినవానికి, ఇంజనుకు ఊపిరి ఆడుతున్నదో లేదో చూడకుండా ఆహారం పెంచరాదని తెలియడానికి వేరే చదువు అక్కరలేదు. ముందు గాలి, తర్వాత డీజిలు, ఆ తర్వాత వేడి, చివర చక్రం. వరుస అది. అక్కడ జరిగినదంతా దానికి తలకిందులు.

షెడ్డుకు వెళ్లేసరికి బండి ముక్కు తెరిచి ఉన్నది. మెకానిక్ నమస్కారం పెట్టి, "అయ్యోరా, బండి ముసల్ది అయిపోయింది. మనిషి మాదిరే. నేను పంపు పెంచినా గాబట్టి ఈమాత్రమన్నా ఎక్కుతాండాది" అన్నాడు.

"మరి ఈ నల్లపొగ?"

"పొగ రాకుండా పవరు యాడనుంచి వస్తాది?"

"పొగ అంటే కాలని డీజిలు. కుంపటి మీద మూకుడు బోర్లించి, మంట రాలేదని ఇంకా బొగ్గులు పోసే రకంగా ఉన్నావు నువ్వు."

వాడు నవ్వినాడు. వానికి కోపం రాదు, వచ్చేదంతా నాకే. గాలి వడపోత పెట్టెను చూపమన్నాను. పైమూత తీశాడు. లోపలి కాగితపు వడపోత కొత్తది. అక్కడితో ఎవరైనా మూత పెట్టేవారే. నేను గాలి లోపలికి వచ్చే గొట్టం వెంబడి చెయ్యి పోనిచ్చి, దాని మూతి దాకా పోయాను. మూతికి ఏదో మందంగా, గట్టిగా తగిలింది. వంగి చూస్తే, మట్టీ నూనే వానా ఎండా తిని పెంకులాగా బిగుసుకొన్న గుడ్డ. రెండు మడతలు పెట్టి, తీగతో చుట్టి ఉన్నది. మడత సందులో మాత్రం ఇంకా పసుపు రంగు కనబడుతున్నది.

"ఇదేమిటి?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. మెకానిక్ చెప్పాడు: "అది అమ్మ కట్టిన ముడుపు అయ్యోరా. ఎఫ్.సి., అదే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసరం ముందర కడ్డీలు మార్చినప్పుడు ఊడదీయాల్సి వచ్చింది. యాడ పెట్టేది? కింద పెడితే పాపం. ఈడ చుట్టినా. దేవుడి గుడ్డ, దుమ్ము కూడా ఆపుతాది. రెండు పనులు."

రెండు పనులట. నేను అరవై దాటిన మనిషిని, కోపం ఆరోగ్యానికి మంచిది కాదని డాక్టరు చెప్పాడు. ఆ డాక్టరు ఆ షెడ్డులో నిలబడి ఉండవలసింది. బండి గొంతు నొక్కినవాడే, అది రొప్పుతున్నదని పంపు పెంచాడు. అక్కరలేని డీజిలు తాగించి, ఇంజను వేడి తగ్గించే పేరుతో కవాటం పీకి, చల్లటి ఇంజనులో ఆ డీజిలు సరిగా కాలకుండా చేశాడు. తన చేతితో చుట్టిన గుడ్డ ప్రతిసారీ తన కళ్లముందే ఉన్నది. "ఇది అడ్డమని నీకు తోచలేదా?" అని అడిగాను.

"తోచింది. తీసి ఆ పాపం నేను కట్టుకొనేదా?" అన్నాడు, నేనేదో అడగరానిది అడిగినట్లు.

నేను తీగ మీద చెయ్యి వేశాను. బావమరిది నా మణికట్టు పట్టుకొన్నాడు. నన్ను వాడు అట్లా పట్టుకోవడం అదే మొదటిసారి. "బావా, వొద్దు. మొక్కు తీరకుండా ముడుపు విప్పగూడదు. అది ఉండాది గాబట్టే నేను ఉండాను."

మేము ఆ పెనుగులాటలో ఉండగానే వాని ఫోను మోగింది. దాణా వ్యాపారి. గొంతు నాకూ వినిపించింది: "పొద్దున్నించి నీ బండి కోసరం సూసి సూసి, పలమనేరాయన బండికి మాట ఇచ్చేసినా అప్పా. ఏమీ అనుకోబాక." బావమరిది ఫోను జేబులో పెట్టుకొని బండి బంపరు మీద కూర్చున్నాడు. పాఠకులు ఈ చోట కొంచెం నిలవాలి. పని పోయినది అప్పుడు. అప్పటికి ముడుపు ముడి విడలేదు. తీగ మీది నుండి నా చెయ్యి కూడా తీసేశాను.

ఆ సాయంత్రం పల్లెకు పోయి అత్తగారికి అంతా చెప్పాను. ఆమెకు చెవులు బాగానే వినిపిస్తాయి. పూర్తిగా విని, కొడుకు వైపు తిరిగింది.

"నేను కట్టింది కడ్డీలకు గదరా. బండి ముక్కులోకి ఎట్ల పోయింది?"

"మెకానిక్ పెట్టినాడు మా. నువ్వే కదా విప్పొద్దంటివి."

"కొండకు పోయేదాకా విప్పొద్దంటిని. కొండకు పోవొద్దంటినా? ముడుపు కట్టేది ఇచ్చేదానికిరా, దాచుకొనేదానికి కాదు. కొండమీది ఆయప్ప సొమ్ము ఇన్నాళ్లు బండి ముక్కులో కుక్కి పెట్టుకొని, మళ్లీ భక్తి అంటావా?"

నేను శాస్త్రం నుండి చెప్పదలచుకొన్న మాటలన్నీ అక్కడ అనవసరమైనాయి. మరునాడు షెడ్డులో ఆమె చేతితోనే ముడి విప్పించాము. గుడ్డ నీళ్లలో నానితే గాని రూపాయి బయటికి రాలేదు. దానిని కొత్త పసుపు గుడ్డలో కట్టుకొని, తిరుపతిలో బస్సు ఎక్కి ముగ్గురమూ కొండకు పోయాము. ముసలివాళ్ల వరుసలో ఆమెను నిలబెట్టి, కొడుకు చేతనే హుండీలో వేయించాము.

దిగివచ్చిన తర్వాత నేను మెకానిక్ పక్కన కుర్చీ వేయించుకొని కూర్చున్నాను. పంపును మొదట ఉన్న కొలతకు దించమన్నాను, దించాడు. కొత్త థర్మోస్టాట్ వేయించాను. చక్రాలు ఒక్కొక్కటే జాకీ మీద లేపి చేత్తో తిప్పించాను. వెనుక చక్రం ఒకటి బ్రేకు పట్టుకొని తిరగనన్నది, దానిని సరిచేయించాను. టైర్లలో గాలి కొలిపించాను. ఏ ఒక్కటీ గొప్ప విద్య కాదు. బంధువుల దాణా బస్తాలు నింపి మొగిలి ఘాటుకు తీసుకొనిపోతే, బండి మునుపు మూలిగిన మలుపు దగ్గర మూడవ గేరులో పోయింది. అద్దంలో వెనుక రోడ్డు స్పష్టంగా కనబడింది. బావమరిది మలుపు దాటినాక స్టీరింగును అరచేతితో రెండుసార్లు తట్టాడు.

అదే బండిలో దాణా వ్యాపారి దగ్గరికి పోయాము. ఆయన కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, "బండి బాగైంది, సంతోషం అయ్యోరా. కానీ ఇచ్చిన మాట ఎట్ల వెనక్కి తీసుకొనేది?" అన్నాడు. మాట నిలుపుకొనేవాణ్ణి నేను ఎట్లా తప్పుపట్టగలను? వచ్చిన కోపాన్ని మజ్జిగతో పాటు మింగాను.

ఇప్పుడు బంధువులు చెప్పుకొనేది ఇది: 'అయ్యోరు ముడుపు విప్పించినాడు, పని పోయింది.' మెకానిక్ చెప్పుకొనేది ఇంకొకటి: 'మైలేజి పెంచబడును' అని షెడ్డు ముందు బోర్డు రాయించి, వచ్చినవారికి మా బండినే సాక్ష్యంగా చూపుతున్నాడు. చదువుకొన్న మేనల్లుడొకడు నాతోనే, "ఏమో మామా, మన నమ్మకాలకు ఏదో కారణం ఉంటాది" అన్నాడు. కారణం ఉంటుంది నాయనా. అది కార్యానికి ముందు ఉంటుంది. అంతమాత్రం తెలియడానికి పట్టాలు అవసరమా?

మొన్న పల్లెకు పోతే, బావమరిది సీటు మీద కొత్త పసుపు గుడ్డ మడత ఉన్నది. మళ్లీ పని దొరకాలని మొక్కుకొన్నాడట. మొక్కుకోవడం తప్పని నేను అనలేదు, పూజగదిలో పెట్టమన్నాను. బండికి కట్టకపోతే బండికి ఎట్లా తగులుతుందన్నాడు. ఫోను ముందు వచ్చిందనీ, ముడి తర్వాత విప్పామనీ వేళ్లు మడిచి చెప్పాను. వాడు అంతా విన్నాడు.

"నువ్వు చెప్పేది సరే బావా. ముందో ఎనకో, పని పోయిందా లేదా?"

పోయింది. ప్రస్తుతం వాడు ఇటుకా గడ్డీ దొరికినప్పుడు తోలుకొంటున్నాడు. ఆ గుడ్డ ఇంకా సీటు మీదనే ఉన్నది. వాళ్ల అమ్మ మాత్రం, "కట్టుకో, కానీ ఈసారి ఎప్పుడు కొండకు పోతావో ముందు చెప్పి కట్టు" అన్నది.

పనిముట్ల పేర్లలోగాని, ఇంజను నడిచే తీరులోగాని నేను పొరపడి ఉంటే, ఆ పని తెలిసినవారు మొగమాటం లేకుండా దిద్దాలి. ముడుపు ఆచారంలో నా అవగాహన తప్పైతే పెద్దలు చెప్పాలి, తల వంచి వింటాను. ఆనాడు షెడ్డులో ఉన్నవారు ఎవరైనా నేను చెప్పిన సంఘటనల వరుస తప్పని చూపగలిగితే, అదీ రాయండి. ఈ వ్యాసంలో ఆ చోటును నా చేతితోనే కొట్టివేస్తాను. కానీ మా బావమరిది ఆ గుడ్డ బండికి చుట్టకముందే రాయండి.