ఖాళీగా వదిలిన ప్రశ్న

ఆఫీసులో ఆమెను స్క్వాడ్ అంటారు. ఎదుట అనరు.

ఇరవై రెండేళ్ళు బడిలో లెక్కలు చెప్పింది. పరీక్షల రోజుల్లో గది చివర, గోడకు ఆనుకోకుండా నిలబడేది. కాపీ కొట్టేవాళ్ళ చేతులను ఆమె ఎన్నడూ చూడలేదు. కళ్ళను చూసింది. జవాబును వెతుక్కునే కళ్ళు పైకి పోతాయి. చీటీ ఉన్నవాళ్ళ కళ్ళు ఎటూ పోవు. పోకుండా పట్టుకుని ఉంటారు. ఆ పట్టుకోవడం ఆమెకు కనిపించేది.

బడి మూతపడ్డాక ఈ ఉద్యోగంలో చేరింది. కంపెనీలకు మనుషులను వెతికిపెట్టే చిన్న ఆఫీసు. మూడో అంతస్తు. లిఫ్టు లేదు. కిటికీ తెరిస్తే ఎదురింటి కిటికీ. వాళ్ళు వెతికేది సైబర్ సెక్యూరిటీ వాళ్ళను, అంటే కంప్యూటర్లలో దొంగలు పడకుండా కాపలా కాసేవాళ్ళను. ఆ విద్య ఆమెకు రాదు. ప్రశ్నలు ఒకరు రాసిస్తారు. జవాబులు ఇంకొకరు దిద్దుతారు. ఆ జవాబు చెప్పింది ఆ మనిషేనా కాదా అన్నది ఆమె చెప్పాలి. అందుకే ఆమెకు జీతం.

ఆ విద్య వచ్చినవాళ్ళు కరువు. ఇద్దరుంటే ఆ ఇద్దరి కోసం పాతిక కంపెనీలు కాచుకుని ఉంటాయి. పొద్దున సరేనన్నవాడు సాయంత్రం ఫోనెత్తడు. కరువున్న చోట నకిలీ సరుకు ఉండనే ఉంటుంది. కెమెరా ముందు ఒకడు పెదాలు కదుపుతాడు, వెనకనుంచి ఇంకొకడు జవాబు చెబుతాడు. ఇంటర్వ్యూకి ఒకరు వస్తారు, ఉద్యోగానికి వేరొకరు దిగుతారు.

కిందటి నెల చివర్లో ఆమె మోసపోయింది.

ఒక ఆసుపత్రి కంప్యూటర్లకు ఎవరో బయటినుంచి తాళం వేశారు. తొమ్మిది రోజులు నర్సులు కాగితాల మీద రాసుకున్నారు. ఒకరి రక్తం రిపోర్టు ఇంకొకరి మంచం దగ్గరకు వెళ్ళింది. ఆ తర్వాత ఆసుపత్రి వాళ్ళు ఒక మనిషిని అడిగారు. నమ్మకమైన మనిషి, ఒక్కరు చాలు. ఆమె ఒకతన్ని పంపింది. ఇంటర్వ్యూలో ఇరవై ప్రశ్నలకు ఇరవై జవాబులు చెప్పాడు. కళ్ళు పైకీ పోలేదు, పట్టుకునీ లేవు. హాయిగా ఉన్నాయి. ఉద్యోగంలో చేరిన మూడో రోజుకు తేలింది, చెవిలో పెట్టుకున్న గింజంత యంత్రమే ఆ హాయి అని.

ఆఫీసు యజమాని ఆమెను పిలిచాడు. వయసులో ఆమె కొడుకంత ఉంటాడు.

“మేడం, నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయి. ఆసుపత్రి వాళ్ళు నెలాఖరు దాకా చూస్తామన్నారు. ఈసారి కూడా ఇలాగే అయితే వాళ్ళూ ఉండరు, మీరూ ఉండరు.”

“సరే సార్” అంది ఆమె. తన ఉద్యోగం పోవడం కంటే, తన కళ్ళ మీద తనకే నమ్మకం పోవడం ఆమెను ఎక్కువ బాధించింది.

ఇంట్లో భర్త కట్టుడు పళ్ళు చేస్తాడు. ముందు గదిలో బల్ల నిండా తెల్లటి అచ్చులు. ఒక్కో అచ్చు కింద ఒక్కో నోటి నంబరు. ఆమె అన్నం ముందు కూర్చుని తినకుండా ఉంటే ఆయన అన్నాడు.

“నేను చేసేవి అబద్ధం పళ్ళు. ఆ సంగతి పెట్టుకున్నవాడికి తెలుసు, వాడి పెళ్ళానికి తెలుసు. మీ ఆఫీసులో మనుషులే కట్టుడు మనుషులు. చెప్పి చావరు.”

“జోకులొద్దు. వాడు ఎక్కడ దొరకాలి నాకు? ఎక్కడ వదిలేశాను?”

“కళ్ళు చూశావు కదా.”

“చూశాను.”

“మరి కాగితం చూశావా?”

ఆ రాత్రి ఆమె ఆ మోసగాడి జవాబులన్నీ ముందేసుకుని కూర్చుంది. ఇరవైకి ఇరవై. ఎక్కడా ఖాళీ లేదు. చాలాసేపు చూశాక ఒకటి తట్టింది. ఇరవై రెండేళ్ళలో కాపీ కొట్టిన ఏ ఒక్కరూ ప్రశ్న వదిలిపెట్టలేదు. చదువుకున్నవాళ్ళే వదిలేశారు. రానిది ఏదో, వచ్చినది ఏదో వాళ్ళకు తెలుసు.

మర్నాడు ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే పెద్దాయన దగ్గరకు వెళ్ళింది. వచ్చే నెలలో ఆయన రిటైర్మెంటు. “లేని దాని గురించి ఒక ప్రశ్న రాసివ్వండి” అని అడిగింది.

ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. ఒక చీటీ మీద రాశాడు: మూడద్దాల పద్ధతితో ఆసుపత్రి నెట్‌వర్క్‌ను ఎలా కాపాడతారు?

“అలాంటి పద్ధతి లేదు కదా?”

“ఇప్పుడే పుట్టించాను” అన్నాడు.

తర్వాత మూడు వారాల్లో తొమ్మిది మందిని అడిగారు. ఏడుగురు మూడద్దాల పద్ధతిని చక్కగా వివరించారు. ఒకడు బొమ్మ వేసి చూపించాడు. మిగిలిన ఇద్దరూ తెలీదన్నారు. వాళ్ళకు ఉద్యోగం కాగితం చేతికిచ్చేలోపు వేరే కంపెనీలు ఎగరేసుకుపోయాయి. నెలాఖరుకు ఇంకా వారం ఉంది.

అప్పుడు పదో మనిషి నుంచి ఒక సందేశం వచ్చింది. ఫోటో లేదు. పూర్తి పేరు లేదు. విద్యుత్ ఆఫీసులో ఎనిమిదేళ్ళుగా ఇదే పని చేస్తున్న ఆడమనిషి అని మాత్రం ఉంది. “మీ వెబ్‌సైట్‌లో రెజ్యూమెలు పెట్టే అర తెరిచే ఉంది. లోపలున్నవి ఎవరైనా చదువుకోవచ్చు. అది మూసేదాకా నాది పంపను.”

యజమాని గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు.

“చూశారా మేడం, మన అరలో చెయ్యి పెట్టింది!”

“చెయ్యి పెట్టలేదు సార్. తెరిచుందని చెప్పింది.”

“తొంగిచూడకుండా తెరిచుందని ఎలా తెలిసింది? ఇవాళ చెప్పింది, నిన్న తీసుకుపోలేదని గ్యారంటీ ఏంటి? ఈవిడ కాపలా మనిషా, దొంగా?”

అదే ప్రశ్న ఆమెకూ ఉంది. అర మాత్రం మూయించారు. మూశాక రెజ్యూమె వచ్చింది. ఆ చీటీ మీది ప్రశ్న తప్ప తక్కినవన్నీ స్క్వాడ్ పంపింది. రెండు గంటల్లో జవాబులు వచ్చాయి. పెద్దాయన చదివి, ఈ మనిషిని వదలొద్దు అన్నాడు.

వీడియోలో మాట్లాడదామని ఆమె రాసింది.

“వీడియోలో కనిపించేది నేనే అని మీకెలా తెలుస్తుంది?” అని తిరుగు జవాబు.

ఫోన్ చేస్తానంది.

“ఇప్పుడు గొంతులు కూడా తయారు చేస్తున్నారు. మీరు మీరే అని నాకెలా తెలుస్తుంది?”

చివరికి కలుసుకోవడానికి ఒప్పుకున్నారు. శుక్రవారం పదకొండు గంటలు. బస్ స్టేషన్ లోపల, నాలుగో నంబరు బెంచీ. గుర్తు: స్క్వాడ్ చేతిలో నీలం ఫైలు ఉంటుంది.

“మీరూ రండి” అంది భర్తతో.

“కందకు లేని దురద కత్తిపీటకెందుకు?”

“బెంచీకి ఆ చివర కూర్చుని పేపరు చదువుతున్నట్టు ఉండండి. ఎవరొస్తారో, ఎంతమందితో వస్తారో చూడండి. నేను దూరం నుంచి చూస్తాను.”

“నువ్వు చూస్తుంటే మళ్ళీ నేనెందుకు చూడటం?”

“మొన్న నేనొక్కదాన్నే చూశాను. ఏమైంది?”

ఆయన లేచాడు. అచ్చుల మీద తడిగుడ్డ కప్పాడు.

పదింటికే బస్ స్టేషన్‌లో ఉన్నారు. ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. ఆమె నీలం ఫైలును సంచీలోకి తోసి, లోపలంతా తిరిగింది. నాలుగో నంబరు బెంచీ, రెండు గేట్లు, మూడూ ఒకేసారి కనిపించే చోటు ఒక్కటే. స్తంభం పక్కన టీ కొట్టు, దాని ముందు మూడు స్టూళ్ళు. ఒకదాని మీద విరిగిన రేడియో ఉంది. ఒకదాని మీద ఎవరో కూర్చున్నారు. ముప్పై ఐదేళ్ళుంటాయి. ఒళ్ళో గొడుగు, కాళ్ళకు బూట్లు. ఆమె మధ్య స్టూలు మీద కూర్చుంది.

టీ వచ్చింది. చక్కెర కలుపుతూ గేటు వైపు చూస్తుంటే స్పూను చేజారి కింద పడింది. గొడుగు మనిషి వంగి తీసిచ్చింది.

“ఎక్కడికండీ ప్రయాణం?”

“ఎక్కడికీ కాదు. మనిషి కోసం.”

“నాదీ అదే. చెప్పిన టైముకి ఎవరొస్తారు లెండి.”

పదకొండయింది. పదకొండుంబావు అయింది. బస్సులు వచ్చాయి, పోయాయి. బెంచీ దగ్గరకు ఒక ముసలాయన వచ్చి, టైము అడిగి వెళ్ళిపోయాడు. స్క్వాడ్ ఆ ముసలాయనను గేటు దాటేదాకా చూపుతో సాగనంపింది.

“ఆ బెంచీ మీదాయన్ని చూశారా?” అంది గొడుగు మనిషి, గొంతు తగ్గించి. “గంట నుంచీ చూస్తున్నా. పేపరు ఒక్క పేజీ తిప్పలేదు.”

ఆమె టీ గ్లాసు దించింది. “ఎవరి కోసమో ఎదురుచూస్తున్నాడేమో.”

“ఎదురుచూసేవాడు గేటు వైపు చూస్తాడండీ. ఈయన ఇటు చూస్తున్నాడు. మిమ్మల్ని.”

“నన్నెందుకు చూస్తాడమ్మా?”

“ఇందాక మీ స్పూను పడితే ఆయన లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. పరాయివాడు లేవడు. మొగుళ్ళు కూడా అందరూ లేవరు లెండి. మంచాయన లాగున్నారు.”

స్క్వాడ్ ఆమె ముఖంలోకి చూసింది. ఆ కళ్ళు పక్కకు పోలేదు.

“మీ సంచీలో నీలం ఫైలు” అంది గొడుగు మనిషి. “అంచు కనిపిస్తోంది.”

పరీక్ష గదిలో తనను ఎవరైనా చూస్తున్నారేమో అని ఆమెకు ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు.

“నువ్వు... మీరు ఎప్పుడొచ్చారు?”

“తొమ్మిదిన్నరకి. ఆ బెంచీని చాటుగా చూడాలంటే ఎవరైనా ఈ స్టూళ్ళ దగ్గరకే రావాలి. మీరు నేరుగా బెంచీ దగ్గరకు వెళ్ళుంటే నేను లేచిపోయేదాన్ని. మోసం చేసేవాళ్ళు చెప్పిన చోటికే వచ్చి నవ్వుతూ నిలబడతారు. అనుమానపడరు. వాళ్ళకేం, వాళ్ళ సంగతి వాళ్ళకి తెలుసు.”

“మరి గంట నుంచీ చెప్పలేదేం?”

“మీరూ చెప్పలేదుగా.”

కొట్టువాడు ఖాళీ గ్లాసు తీసుకుపోయాడు. గొడుగు మనిషి వాచీ చూసుకుంది.

“నాలుగింటికి ఒక పెద్ద కంపెనీకి మాట చెప్పాలి. ఫోన్‌లో రెండు ముక్కలు అడిగి, సోమవారం వచ్చెయ్యమన్నారు. మీ ఆసుపత్రి ఇచ్చేదానికంటే ఎక్కువే.”

“మరి ఇక్కడికెందుకొచ్చారు?”

“అంత తొందరగా నన్ను నమ్మారంటే ఎవర్నైనా నమ్ముతారు. గేటు బార్లా తీసి కాపలావాణ్ణి వెతుక్కునే ఇల్లది. అలాగని మిమ్మల్ని నమ్మానని కాదు. చూద్దామని వచ్చా.”

స్క్వాడ్ సంచీలోంచి చీటీ తీసింది. ఈ మనిషి పోతే ఐదు రోజుల్లో ఇంకొకరు రారు. తన బల్ల, తన కుర్చీ ఖాళీ అవుతాయి. అడగకుండా ఫైలు చేతిలో పెట్టేయొచ్చు. ఒక్క క్షణం అలాగే అనిపించింది. కానీ అడిగింది.

“ఒక్కటి మిగిలిపోయింది. మూడద్దాల పద్ధతితో ఆసుపత్రి నెట్‌వర్క్‌ను ఎలా కాపాడతారు?”

గొడుగు మనిషి కళ్ళు పైకి పోయాయి. స్టేషన్ రేకుల కప్పు మీద ఆగాయి. అక్కడ ఏమీ దొరకలేదు. కిందికి దిగాయి.

“తెలీదండీ. ఎప్పుడూ వినలేదు.”

“కొంచెం ఆలోచించి చెప్పండి.”

“ఆలోచిస్తే తెలిసేది కాదు. ఉద్యోగానికి అది కావాలంటే, నేను పనికిరాననే రాసుకోండి.” కళ్ళు చిన్నవి చేసింది. “అసలుందా అలాంటిది?”

స్క్వాడ్ చీటీ మడిచింది. నీలం ఫైలు తీసి ఆమె ఒళ్ళో, గొడుగు మీద పెట్టింది.

ఆ మనిషి లోపలున్న ఉద్యోగం కాగితాన్ని రెండుసార్లు చదివింది. వెలుగుకు ఎత్తి ముద్ర చూసింది. ఆసుపత్రికి ఫోన్ చేసింది. కాగితం మీదున్న నంబరుకు కాదు, తాను వేరే చోట వెతికి రాసుకొచ్చిన నంబరుకు. పెద్దాయనను పిలవమంది. ఈ ఉద్యోగం ఉందా, ఈ మేడం ఎలా ఉంటుంది, పొడుగా పొట్టా, అని అడిగింది. వింటూ స్క్వాడ్‌ను తల నుంచి కాళ్ళ దాకా సరిచూసుకుంది. అప్పుడు తన పెన్నుతో సంతకం చేసింది.

ఈలోగా భర్త పేపరు మడిచి, కుంటుతూ వచ్చాడు.

“కాలు తిమ్మిరెక్కింది. నేను మొగుణ్ణేనని ఇక ఒప్పుకోవచ్చా?”

“ఎప్పుడో పట్టుబడ్డారు” అంది ఆమె.

“నమస్కారమండీ” అంది గొడుగు మనిషి. “ఈసారి పేజీ తిప్పండి.”

సోమవారం పొద్దున స్క్వాడ్ ఆఫీసుకు వెళ్ళలేదు. ఆసుపత్రికి ఎదురుగా, రోడ్డుకు ఇవతల, మందుల షాపు అరుగు మీద నిలబడింది. శుక్రవారం సంతకం చేసిన మనిషే సోమవారం వస్తుందని ఏమిటి నమ్మకం? ఆ సాయంత్రం నాలుగింటికి ఆ పెద్ద కంపెనీతో ఏం చెప్పిందో ఎవరికి తెలుసు? ఎనిమిదిన్నర అయింది. తొమ్మిదికి ఐదు నిమిషాలుంది. ఎవరెవరో వెళ్ళారు. ఒకామె గొడుగుతో వచ్చింది, ముఖం వేరు. ఆ ముఖం అవుట్ పేషెంట్ల వరసలోకి వెళ్ళిపోయింది.

తొమ్మిదికి ఒక నిమిషం ముందు బూట్లు కనిపించాయి. తర్వాత గొడుగు. తర్వాత ముఖం. అదే.

గేటు దగ్గర కాపలాదారు చెయ్యి చాపి ఆమె కార్డు అడిగాడు. ఆమె ఇవ్వలేదు. ఏదో అంది. అతను తెల్లబోయి, జేబులు తడుముకుని, తన కార్డు తీసి ఆమెకు చూపించాడు. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని చదివింది. తిప్పి వెనక చూసింది. అప్పుడు తనది ఇచ్చింది.

స్క్వాడ్ రోడ్డు దాటకుండానే ఆఫీసు వైపు నడిచింది.